ప్లాస్టిక్ ఇటుకల ఏరియేటరు

పెదనాయన పెద్దకర్మకు సెలవు అడిగితే మా ప్రిన్సిపాల్ గారు, "పోటీ దగ్గర పడింది కదా మేడం, పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయలేరా?" అన్నారు. నెల్లూరు నుంచి గూడూరు, అక్కడ బస్సు మారి చిట్టమూరు, అక్కడ దిగి సముద్రం వైపు ఆటోలో మా ఊరు. వెళ్లేసరికే మధ్యాహ్నమవుతుంది. పైగా పోయినవాడు మా నాయనకు సొంత అన్న, నన్ను చంకనేసుకుని పెంచినవాడు. ఇదంతా విడమరిచి చెప్పే ఓపిక లేక, రాలేనండీ అని ఒక్క ముక్క అనేసి బస్సెక్కాను. ఈ మధ్య నాకు దేనికీ ఓపిక ఉండటం లేదు. నలభై కూడా నిండని మనిషి అలసట గురించి రాస్తే పెద్దవాళ్లు నవ్వుతారని తెలుసు. నవ్వుకోనివ్వండి, అలసట అలసటే.

నా ఉద్యోగం పిల్లలకు రోబోలు నేర్పడం. ప్లాస్టిక్ ఇటుకలు ఒకదానికొకటి నొక్కి, మోటార్లు తగిలించి, కంప్యూటర్లో ప్రోగ్రాం రాసి బల్ల మీద నడిపించే బొమ్మ రోబోలు. వాటికి ఏటా విద్యార్థుల పోటీలుంటాయి. పోటీల కాలం వస్తే నా ప్రాణం గొంతులోకి వస్తుంది. పిల్లలు బంగారాలే, వాళ్లనేమీ అనను. తల్లిదండ్రులే ఫోను పట్టుకుని వస్తారు. "మేడం, ఇది పోయినేడాది గెలిచిన డిజైనంట, ఇదే కట్టించండి" అంటారు. ఎవరో ఎక్కడో కట్టినదాన్ని వీడియో ఆపి ఆపి చూసి, అదే రంగు ఇటుక అదే చోట పెట్టి, నా బిడ్డ ఇంజనీరు అని మురిసిపోతారు. సొంతంగా ఆలోచించనివ్వండి అంటే, "రిస్కెందుకు మేడం" అని నా మీదే జాలిపడతారు. ఒళ్లు మండుతుంది. కాసేపు మండి, దానంతటదే చల్లారుతుంది. ఒకప్పుడైతే గొడవ పెట్టుకునేదాన్ని.

ఊళ్లో ఆటో దిగగానే మొదట పలకరించింది రొయ్యల మేత వాసన. చేపపొడి, తవుడు కలిపి తడిసినట్టుండే ఆ వాసనకు బయటివాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆకలేస్తుంది. మేత బస్తాలు పేర్చిన వసారాలోనే మా అవ్వ పొయ్యి ఉండేది, మామిడికాయ వేసిన చేపల పులుసు అక్కడే ఉడికేది. రెండు వాసనలూ నా ముక్కులో ఎప్పుడో ఒకటైపోయాయి. పెదనాయన ఇల్లు వీధి చివర, గుంటల గట్టుకు ఆనుకుని ఉంటుంది. ఇంటి ముందు షామియానా కింద పెదనాయన ఫోటో, దండ, జనం. మా చెంగక్క, అంటే పెదనాయన ఒక్కగానొక్క కూతురు చెంగమ్మ, ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "వచ్చినావా మే. ఏందిట్టా చిక్కిపోయినావు, అన్నం తింటుండావా లేదా?" అంది. చనిపోయింది ఆమె తండ్రి, పరామర్శ నాకు. ఆమె ఎప్పుడూ అంతే.

చెంగక్క నాకంటే కొన్ని నెలలే పెద్ద. ఒకే బడి, ఒకే తరగతి, ఒకే బెంచీ. నేను ఇప్పుడు నెల్లూరులో నేర్పుతున్న విద్య ఏదైనా ఉందంటే, అది ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నదే. ఈ మాట ఎవరైనా నా ఎదురుగా అంటే ఒప్పుకోను గానీ, రాసేటప్పుడు అబద్ధమెందుకు.

ఇక్కడ రొయ్యల గుంట గురించి కొంచెం చెప్పాలి. గుంట నీళ్ల మీద తేలుతూ తిరిగే రెక్కల చక్రాలుంటాయి, వాటిని ఏరియేటర్లు అంటారు. అవి నీళ్లను చిలికి గాలి అందిస్తాయి. అవి ఆగితే రొయ్యకు ఊపిరాడదు, పైకి తేలి చచ్చిపోతుంది. మేము పదో తరగతికి వచ్చే ముందటి ఏడు ఒకసారి కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది. తెల్లవారేసరికి పెదనాయన గుంట నిండా రొయ్యలు తెల్లగా తేలాయి. ఆయన గట్టు మీద గొంతుకు కూర్చుని, ఎవరు పిలిచినా పలక్కుండా నీళ్లవైపే చూస్తుండిపోయాడు. మా నాయన వెళ్లి రెక్క పట్టుకుని లేపితే గానీ లేవలేదు. ఆ రోజు నుంచి ఆయన చెవులు ఆ చక్రాల మీదే ఉండిపోయాయి. అన్నం తింటూ ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసేవాడు. చప్పుడులో ఏదో తేడా విన్నాడన్నమాట. కంచం ముందు ఆయన ఆగితే ఇంట్లో అందరం ఆగేవాళ్లం. చప్పుడు మళ్లీ సరిగ్గా వినబడ్డాక ముద్ద నోట్లోకి పోయేది. పిల్లలు ఆటకైనా స్విచ్చుల పెట్టె దగ్గరికి వెళితే చాలు, "ఆపబాక మే!" అని, అంటే ఆపొద్దని, కేక వేసేవాడు. ఆ ఇంట్లో మేం ఎక్కువసార్లు విన్న మాట అదే అనుకుంటాను. టీవీ ఆపాలన్నా, ఫ్యాను ఆపాలన్నా మా చేతులు ఒక క్షణం జంకేవి.

అలాంటి ఇంటికి ఒక ప్లాస్టిక్ ఇటుకల పెట్టె వచ్చింది. మా జిల్లాపరిషత్ బడికి ఎవరో పాత విద్యార్థి పంపాడట, చాలాకాలం బీరువాలో సీలు కూడా తీయకుండా పడి ఉంది. కొత్తగా వచ్చిన సైన్సు టీచరు భారతి గారు దాన్ని బయటికి తీసి, మాలో ఆసక్తి ఉన్నదెవరికని అడిగింది. చెంగక్క చెయ్యెత్తింది. ఆమె ఎత్తింది కాబట్టి నేనూ ఎత్తాను. ఆ ఏడు పోటీ ఏమిటంటే, బల్ల మీద నీలిరంగు గుడ్డ పరిచి సముద్రం అంటారు. దాని మీద చిన్న చిన్న ముక్కలు చల్లి, ఇదంతా సముద్రంలో చెత్త అంటారు. మన రోబో తనంతట తానే తిరిగి ఆ చెత్త ఏరి, మూలన గీసిన రేవులోకి తెచ్చి పొయ్యాలి. రేవు చేరిందే లెక్క, దారిలో ఉన్నది లెక్కకు రాదు. మూడు విడతలు ఉంటాయి, మూడింటి మార్కులూ కలుపుతారు. ఇటుకలు తప్ప ఇంకేమీ వాడకూడదు, దారం ముక్క కూడా.

పెట్టెతో వచ్చిన పుస్తకంలో చేతుల్లాంటి పట్టుకారు బొమ్మ ఉంది. ఒక్కో ముక్కనూ పట్టుకుని మోసుకొచ్చేది. మేం మొదట అదే కట్టాం. చెంగక్క దాన్ని రెండు రోజులు చూసి పెదవి విరిచింది. "ఒక్కో రొయ్యనీ చేత్తో పట్టి బుట్టలో ఏస్తే ఎప్పటికి తెమలద్ది మే?" అంది. అని గట్టు మీదికి వెళ్లి ఏరియేటరు ముందు కూర్చుంది. సాయంత్రం దాకా కూర్చుంది. రెక్కలకు బెజ్జాలెందుకు పెడతారో, రెక్క నీళ్లలో ఎంతవరకు మునగాలో అంతా చూసుకుని వచ్చి, పెట్టెలోని పలకల్లాంటి ఇటుకలను రెక్కలుగా పెట్టి రోబో ముందు ఒక చక్రం కట్టింది. చక్రం తిరుగుతూ చెత్తను ఊడ్చి రోబో పొట్టలోకి తోయాలని ఆలోచన. మోటారు వేయగానే అది చెత్తను లోపలికి తోయలేదు, వసారా అంతా విసిరికొట్టింది. ఒక పచ్చ ముక్క ఎగిరి అవ్వ పులుసులో పడింది. అవ్వ వక్కాకు నములుతున్న నోటితోనే, "ఓసి మీ రోబో పాడుగాను, పులుసులో ఉప్పు చాలకనా అదేసినారు?" అని గరిటె ఎత్తింది. గరిటెతోనే ఆ ముక్క తీసి, కడిగి, చెంగక్క చేతిలో పెట్టింది కూడా ఆమే.

తర్వాత ఎన్నోసార్లు విప్పడం, కట్టడం. చిన్న పళ్లచక్రంతో పెద్ద పళ్లచక్రాన్ని తిప్పితే వేగం తగ్గి బలం వస్తుందని మాకు పుస్తకం చెప్పలేదు. చెంగక్క వేళ్లే కనిపెట్టాయి. నా పని ప్రోగ్రాం రాయడం, అదీ ఆమె చెప్పినట్టు. రోబోను ఆన్ చేయగానే ముందు చక్రం తిరగడం మొదలవ్వాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. మళ్లీ ఆఫ్ చేసేదాకా చక్రం ఆగకూడదు. ఎందుకని నేను అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు. చక్రం అంటే ఆగకూడదు, అంతే. మాకు అందులో వింతేమీ కనబడలేదు. భారతి టీచరుది బిట్రగుంట రైల్వే కాలనీ, ఆమెకు గుంటల సంగతి తెలియదు. రోబోను చూసి ఆమె చప్పట్లు కొట్టింది. "ఇలాంటిది నేనెక్కడా చూడలేదు" అంది. చెంగక్క సిగ్గుపడి నా వెనక్కి వచ్చి నిలబడింది.

పోటీకి నెల్లూరు తీసుకెళ్లడానికి అనుమతి అడగాలని టీచరు ఇంటికి వచ్చింది. పెదనాయన కుర్చీ వేసి, తాను గడప మీద కూర్చున్నాడు. టీచరు పోటీ గురించి చెప్పి, అంతటితో ఆగకుండా, "ఈ పిల్లను పదో తరగతితో ఆపొద్దు మస్తానయ్య గారూ. గూడూరులో పాలిటెక్నిక్ ఉంది, అందులో చేర్పించండి. దీని చెయ్యి మిషన్ల కోసం పుట్టింది" అంది. పెదనాయన గుంటలవైపు చూశాడు. "నాకు కొడుకుల్లేరు టీచరమ్మా. ఒక్కడినే సూసుకోలేకపోతుండా. పది అయినాక పాప గుంటల కాడ తోడుంటాదనుకుంటుండా" అన్నాడు. టీచరు వదల్లేదు. చివరికి ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, "సరే. ఆ పోటీలో గెలిచి రమ్మనండి. గెలిస్తే పంపిస్తా. మాటంటే మాటే" అన్నాడు. తలుపు వెనక నిలబడి వింటున్న చెంగక్క నా మణికట్టు పట్టుకుంది. గాజు విరిగేంత గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాత ఆమెకు పోటీ తప్ప వేరే లోకం లేదు. గుంటకు మేత చల్లుతూ, పాలిటెక్నిక్‌లో లేతు మిషన్లుంటాయంట, ఇనుమును చెక్కుతాయంట అని చెప్పేది. ఎవరు చెప్పారంటే టీచరు చెప్పిందట. నాకు కాలేజీ గురించి బెంగ లేదు, మా నాయన నన్ను ఎలాగూ ఇంటర్‌లో చేర్పిస్తానన్నాడు. ఆమె కోసమే నేను భయపడేదాన్ని. ఇప్పటి పిల్లలను చూస్తే నాకు ఆ భయమే గుర్తొస్తుంది. వీళ్లు ఓడిపోతే ఐస్‌క్రీం తిని ఇంటికి పోతారు. పోవాలి కూడా, పిల్లలన్నాక అలాగే ఉండాలి. అయినా వాళ్లు నిమిషంలో మరిచిపోవడం చూస్తే ఎక్కడో కలుక్కుమంటుంది. అది వాళ్ల తప్పు కాదని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను.

పోటీ నెల్లూరులో ఒక పెద్ద ప్రైవేటు బడి హాల్లో జరిగింది. పెదనాయన గుంటలను మా నాయనకు అప్పజెప్పి మా వెంట వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు హాలు బయటే విప్పేసి, లోపల నున్నటి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. మొదటి విడతలో మా రోబో సముద్రంలోకి వెళ్లి, చక్రంతో చెత్త ఊడ్చుకుని, పొట్ట నింపుకుని రేవులోకి వచ్చింది. పట్టుకార్ల రోబోలు ఇంకా రెండో ముక్క దగ్గరే తంటాలు పడుతున్నాయి. చుట్టూ జనం మూగారు. ఒక జడ్జి వంగి చూసి, ఈ చక్రం ఆలోచన ఎవరిదమ్మా అని అడిగాడు. నేను చెంగక్కను ముందుకు తోశాను. ఆమె, "మా గుంట కాడ ఉండాది సార్" అంది. రెండో విడత కూడా అయ్యేసరికి బోర్డు మీద మా బడి పేరు అందరికంటే పైన ఉంది. పెదనాయన తాడు అవతల నుంచి ఆ బోర్డు చూశాడు. చదువు రాకపోయినా ఊరి పేరు మాత్రం గుర్తుపట్టగలడు. ఆయన మొహం అంత వెలగడం నేను ఎప్పుడూ చూడలేదు.

మూడో విడతకు ముందు చాలాసేపు ఆపారు. భోజనాలు, ఉపన్యాసాలు, ఎవరో పెద్దమనిషి రాక. రోబోలన్నిటినీ ఒక పొడుగు బల్ల మీద వరసగా పెట్టించారు. అన్నీ నిద్రపోతున్నాయి, మాది మాత్రం చక్రం తిప్పుకుంటూనే ఉంది. భారతి టీచరు ఏదో సంతకం కోసం ఆఫీసు గదికి వెళ్లింది. బల్ల దగ్గర నిలబడ్డ వాలంటీరు అబ్బాయి, "మీది ఆఫ్ చేసుకోండమ్మా" అన్నాడు. చెంగక్క స్విచ్చు మీదికి చెయ్యి చాపింది.

"ఆపబాక మే!"

హాలంతా తిరిగి చూసింది. పెదనాయన తాడు పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. చెంగక్క చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చేసింది. నేనూ ఆపలేదు. నాకు కూడా ఆపాలనిపించలేదు, నిజం చెబుతున్నాను, ఆ కేక వింటే ఆపడం మా ఒంట్లోనే లేదు. అబ్బాయి భుజాలెగరేసి వెళ్లిపోయాడు. పెదనాయన తృప్తిగా తల ఊపాడు. ఉపన్యాసాలు సాగాయి, చక్రం తిరుగుతూనే ఉంది. ఆయన అన్నిటికంటే ఎక్కువగా ఆ చక్రాన్నే చూస్తూ నిలబడ్డాడు.

మూడో విడతలో మా రోబో బాగానే బయల్దేరింది. అవతలి మూల దాకా వెళ్లి, పొట్ట నిండా ఊడ్చుకుని, వెనక్కి తిరిగింది. సగం దారిలో నడక మెల్లబడింది. చక్రం గొంతు మారింది. ఆ తేడా మా ముగ్గురికీ ఒక్కసారే వినబడి ఉంటుంది. రేవు గీతకు జానెడు దూరంలో చక్రం ఆగింది, రోబో ఆగింది. గంట కొట్టేశారు. వాలంటీరు అబ్బాయి రోబోను ఎత్తి చూసి, "బ్యాటరీ అయిపోయిందండీ. అప్పట్నుంచి ఊరికే తిప్పుతూ ఉంటే అయిపోదా? అందుకే ఆఫ్ చేయమన్నాను" అన్నాడు. మంచి అబ్బాయి, వాడు కావాలని అన్న మాట కాదు. పెదనాయన అది విన్నాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగాడు. చెంగక్క ఏడవలేదు. పొట్టలో మిగిలిపోయిన చెత్త ముక్కలను ఒక్కొక్కటే తీసి, ఆ నీలిగుడ్డ మీద మళ్లీ పెట్టేసింది. మార్కులు కలిపాక మేం మూడో స్థానంలో ఉన్నాం. మూడో స్థానానికి కూడా ఒక కప్పు ఇచ్చారు. గెలవడం అంటే మొదటి స్థానం అని పెదనాయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తిరుగు ప్రయాణంలో గూడూరు బస్టాండులో మా ఊరి బస్సు కోసం కూర్చున్నాం. పెదనాయన ఉన్నట్టుండి లేచి, "దా మే" అని చెంగక్కను తీసుకుని రోడ్డు దాటి వెళ్లాడు. టీ తాగించడానికేమో అనుకున్నాం. బస్సు కదిలే వేళకు గానీ రాలేదు. వచ్చేటప్పుడు నాకూ టీచరుకూ నిమ్మకాయ సోడాలు పట్టుకొచ్చాడు. చెంగక్క కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. ఓడిపోయి వస్తూ ఈ మెరుపేంటో నాకు అర్థం కాలేదు. అడిగితే, "ఏం లేదు మే" అని కిటికీ వైపు తిరిగింది. ఆ ఎండాకాలం నేను మా అమ్మమ్మ ఊరు వెళ్లాను, అట్నుంచే నెల్లూరులో ఇంటర్‌లో చేరాను. చెంగక్క గుంటల దగ్గర ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఆ విషయం మా మధ్య ఎప్పుడూ రాలేదు. నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు.

మొన్న పెద్దకర్మ భోజనాలయ్యాక, జనం వెళ్లిపోయాక, ఇద్దరం పెరట్లో గిన్నెలు తోముకుంటూ కూర్చున్నాం. నాకు నడుము పట్టేసింది, ఆమెకు అలుపే లేదు. నోరు ఊరుకోక అడిగేశాను. "చెంగక్కా, ఆ రోజు ఆయన అరవకపోతే నువ్వు గెలిచేదానివి. పెదనాయన మీద నీకెప్పుడూ కోపం రాలేదా?"

ఆమె గిన్నె పక్కన పెట్టింది. "ఆ రోజు గూడూరులో మా నాయన నన్ను యాడికి తీసకపోయినాడనుకున్నావు?"

"టీకి కాదా?"

"కాలేజీకి మే. ఆదివారం గదా, గేటు ఏసి ఉండాది. వాచ్‌మన్ను బతిమాలి తెరిపించినాడు. 'మా పాప ఒక్కసారి సూస్తాదన్నా' అన్నాడు. లోపలంతా తిప్పినాడు. షెడ్డు కిటికీలో నుంచి మిషన్లు కనపడతా ఉంటే, అదేందమ్మా, ఇదేందమ్మా అని అడిగినాడు. నాకు తెలిసిందల్లా చెప్పినా. 'బాగుండాదమ్మా' అన్నాడు. చెట్లు సూసినాడు, కొళాయి సూసినాడు, నీళ్లు కూడా తాగి సూసినాడు. నేనేమనుకుంటా సెప్పు? ఓడిపోయినా చేర్పిస్తాడనుకున్నా. అందుకే తెచ్చినాడనుకున్నా. పరీక్షలు రాసినా. ఎండాకాలమంతా ఎదురుసూసినా, ఈ రోజు చెప్తాడు, రేపు చెప్తాడు అని."

"అడగలేదా?"

"అడిగినా. కాలేజీలు తెరిచే రోజుల్లో, మేత చల్లతా ఉంటే అడిగినా. మా నాయన నా వైపు సూసి, 'నీకు సూపించినా గదమ్మా' అన్నాడు. కళ్లలో నీళ్లు మే. చేతనైంది అదేనంట ఆయనకి."

గిన్నె తుడుస్తూ కూర్చున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ పీచు అందుకుంది.

"సూపించకుండా ఉన్నా బాగుండేది మే" అంది చెంగక్క. "కోపమన్నా నిండా వచ్చేది."